అత్తగారి ఎడమచెయ్యి

ఆ ఏడాది నగర సంగీత పోటీల్లో అకార్డియన్ విభాగానికి వయొలిన్ టీచరును న్యాయనిర్ణేతగా వేయడానికి కారణం ఒక్కటే. ఆమె మీటింగుకు ఆలస్యంగా వెళ్ళింది.

ఆమె వెళ్ళేసరికి పంపకాలన్నీ అయిపోయాయి. గాత్రం, పియానో, వేణువు, తీగవాయిద్యాలు ఎవరికి నచ్చినవి వాళ్ళు తీసేసుకున్నారు. చివరి పంక్తిలో కూర్చున్నవాళ్ళకి గిన్నె అడుగున మాడింది వడ్డించినట్టు ఆమెకి అకార్డియన్ మిగిలింది.

ఊళ్ళో అకార్డియన్ వాయించేవాళ్ళ సంఘం ఒకటుంది. వాళ్ళు ఏటా వచ్చి, మా వాయిద్యాన్ని కూడా పోటీల్లో చేర్చండి అని అడిగి, కాఫీ తాగి, ఉత్త చేతులతో వెళ్ళిపోయేవారు. ఈసారి కొత్త కార్యదర్శి మొహమాటానికి పోయి సరేనన్నాడు. అయితే ఇది ఒక్క ఏడాది ప్రయోగం. పస లేదని న్యాయనిర్ణేతలు తేలిస్తే మళ్ళీ తీసేస్తారు.

పోటీల అధ్యక్షుడు సంగీత కళాశాలలో పియానో ప్రొఫెసరు. ఆయనకి ఈ వ్యవహారం మొదటినుంచీ గిట్టలేదు.

“ఇవాళ దీన్ని చేర్చాం. రేపు ఈల వేసేవాళ్ళొస్తారు. ఎల్లుండి దువ్వెనకి కాగితం చుట్టి ఊదేవాళ్ళొస్తారు. అందరికీ కుర్చీలెయ్యాలి,” అన్నాడు.

“నాకు దాని గురించి ఏమీ తెలీదండీ. నన్నెలా వేస్తారు?” అంది టీచరు.

“తెలియడానికి అందులో ఏముందమ్మా? నేనుంటాను, బ్యాండ్ మాస్టారుంటారు. మూడో మనిషిగా కూర్చోండి చాలు.”

అందులో ఏముంది అని ఎవరైనా అంటే ఏమీ లేదని అర్థం. కానీ ఇంటికి వెళ్ళే బస్సులో టీచరు బుర్రలో ఆ మాట నిజంగా ప్రశ్నలాగే తిరగసాగింది. అవును, అందులో ఏముంటుంది? చిన్నప్పటినుంచీ ఆమెకి ఆ తెగులుంది. కుళాయి బాగుచేయడానికి మనిషి వస్తే నీళ్ళు ఎటునుంచి వస్తాయో చూస్తానని అతని వెనకే మేడ మీదకి ఎక్కేది. తెలియనిదానికి మార్కులు వేయడమంటే చీకట్లో కూరగాయలు ఏరడమే అనిపించింది ఆమెకి.

ఆమె భర్తకి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. సాయంత్రం ఇంటికొచ్చాక కూడా చేతిలో ఏదో ఒక జోడు పెట్టుకుని మరలు బిగిస్తూనే ఉంటాడు.

“ఏమండీ, నన్ను అకార్డియన్ పోటీకి మార్కులెయ్యమన్నారు. అది వాయించేవాళ్ళెవరైనా మీకు తెలుసా?” అని అడిగింది.

“అమ్మ వాయిస్తుందిగా,” అన్నాడు తల ఎత్తకుండా.

“ఏ అమ్మ?”

“నాకెంతమంది అమ్మలున్నారు?”

టీచరు వచ్చి అతని ఎదురుగా కూర్చుంది. “మన పెళ్ళై ఇన్నేళ్ళైంది. ఒక్కసారైనా చెప్పారా?”

“నువ్వడగలేదుగా. ఆవిడ గదిలో కిటికీ కింద నల్ల పెట్టె ఉంటుంది చూడు, రేడియో పెట్టుకుంటుందే, అదే. నువ్వు రోజూ తుడుస్తూనే ఉన్నావు.”

“అది కుట్టుమిషన్ కాదూ?”

పక్కగదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. “కుట్టుమిషనా! అందుకేనా పరదాలు చేత్తో కుడుతుంటే నాకేసి అంత వింతగా చూశావు?”

అత్తగారు బూట్ల ఫ్యాక్టరీలో అడుగులు అతికించే పని చేసి రిటైరైన మనిషి. నవ్వితే భుజాలు రెండూ కదులుతాయి. ఆమె రేడియో తీసి పక్కన పెట్టింది. కొడుకు పెట్టెను మంచం మీదికి ఎత్తి గొళ్ళేలు తీశాడు. లోపల ఎర్రటి మఖ్మల్ గుడ్డ, దాని మధ్య ముత్యపు రంగు వాయిద్యం. ఒకవైపు పియానో మెట్లు, ఒకవైపు వరసలు వరసలుగా నల్ల బొత్తాలు, మధ్యలో మడతలు మడతలుగా తిత్తి. పాత తోలు, మైనం కలిసిన వాసన గుప్పుమంది.

“వేసుకో,” అంది అత్తగారు కోడలితో.

“నేనా?”

“మార్కులేసేది నువ్వేగా? ముందు బరువు తెలియాలి.”

పట్టీలు భుజాలకి తగిలించుకునేసరికి టీచరు మంచం అంచున కూలబడింది. నిద్రపోయిన పిల్లవాణ్ణి ఎత్తుకున్నట్టుంది. కుడిచెయ్యి మెట్లమీద పెట్టడం తేలికే. ఎడమచెయ్యి మాత్రం పట్టీలోంచి దూర్చి పెట్టెకి ఆ పక్కన పెట్టాలి. అక్కడేముందో కంటికి కనిపించదు.

“చూడకుండా ఇన్ని బొత్తాల్లో ఏది ఏదో ఎలా తెలుస్తుంది అత్తయ్యా?”

“వేలితో తడుముకో. ఒకదానికి గుంట ఉంటుంది. అది ఇల్లు. అక్కణ్ణుంచి ఎక్కడికెళ్ళినా దారి తెలుస్తుంది. కళ్ళతో వెతికావో, తప్పిపోతావు.”

టీచరు తడిమింది. నిజంగానే ఒక బొత్తాం మధ్యలో చిన్న గుంట తగిలింది. ఆమెకి ఎందుకో నవ్వొచ్చింది. నొక్కి చెయ్యి లాగింది. పెట్టె గుర్రుమంది. చెయ్యి చివరదాకా వెళ్ళి మళ్ళీ లోపలికి నెట్టేచోట ఆ శబ్దం ఒక్కసారి ఎక్కిళ్ళు పెట్టింది.

“అదీ!” అంది అత్తగారు వేలు చూపించి. “అందరూ బొత్తాలు నొక్కడం కష్టమనుకుంటారు. అసలు కష్టం అక్కడుంది. తిత్తి తిప్పేచోట. ఎడమచేతికి రెండు పనులు. వేళ్ళు బొత్తాలు చూసుకోవాలి, చెయ్యి మొత్తం ఊపిరి చూసుకోవాలి. ఏదీ రెండోదానికి అడ్డు రాకూడదు. ఇటివ్వు.”

ఆమె పెట్టె వేసుకుంది. ఒక్క స్వరం పట్టింది. మొదట వినపడీ వినపడనట్టు మొదలై, పెరిగి, గది నిండి, మళ్ళీ తగ్గి సన్నని దారంలా మిగిలింది. ఆ స్వరం మధ్యలో తిత్తి రెండుసార్లు దిశ మార్చుకోవడం టీచరు కళ్ళతో చూసింది. చెవికి మాత్రం ఎక్కడా తెలియలేదు.

టీచరు లేచి నిలబడింది. వయొలిన్ నేర్చుకునేవాళ్ళకి ఇన్నేళ్ళుగా ఆమె చెప్పే మాట ఒకటే. కమాను కిందినుంచి పైకి తిరిగే చోటు వినబడకూడదు. ఆ ఒక్క ముక్క వంటబట్టడానికి పిల్లలకి ఏళ్ళు పడుతుంది.

“అత్తయ్యా, ఇది కమాను!” అంది. “ఇది పియానోకి చుట్టం కాదు, నాకు చుట్టం.”

“ఇన్నాళ్ళకి కలిశారు చుట్టాలు,” అంది అత్తగారు.

ఆ రోజునుంచి పిల్లలు పాఠాలయ్యి వెళ్ళిపోగానే టీచరు అత్తగారి గదిలో చేరేది. రోజుకో ప్రశ్న. తిత్తి అట్టతో చేస్తారా, గుడ్డతోనా? రెండూ కలిపి చేసి మూలలకి తోలు అతికిస్తారు. లోపల పలికేదేమిటి? ఉక్కు నాలుకలు, గాలి తగిలితే వణుకుతాయి. అత్తగారు తనకి తెలిసినవి చెప్పేది, తెలియనివి తెలియవనేది. “అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అని ఊరికే అన్నారా?” అని విసుక్కునేది. కానీ ఆ వేళకి తలుపు ఓరగా తెరిచే ఉంచేది.

ఒకరోజు టీచరు మొహమాటపడుతూ అడిగింది. “ఏమీ అనుకోకండి. ఇది ఎక్కడ విన్నా శ్రుతి కొంచెం కలిసీ కలవనట్టు వణుకుతుందెందుకు? నాకు పళ్ళు జివ్వుమంటాయి.”

“తెలుసు. బజార్లో ఎవడైనా వాయిస్తుంటే నువ్వు మొహం చిట్లించుకుని నడిచేదానివి. చూడలేదనుకున్నావా?”

టీచరు తల వంచుకుంది.

“ఒక్కో స్వరానికి రెండు మూడు నాలుకలుంటాయి. వాటిని కావాలనే రవ్వంత తేడాగా శ్రుతి చేస్తారు. అప్పుడే ఆ వణుకు. డాన్సు హాల్లో అంత గోలలో వినపడాలంటే అది కావాలి.”

“కావాలనే తప్పు శ్రుతి చేస్తారా!” వయొలిన్ టీచరుకి ఆ మాట మింగుడుపడలేదు. పాలలో కావాలని ఉప్పు కలుపుతామన్నట్టు వినిపించింది.

అత్తగారు ఒక పాట ముక్క వాయించి, కుడివైపు మెట్ల పైనున్న చిన్న మీటను తట్టింది. మళ్ళీ అదే పాట అందుకుంది. వణుకు పోయింది. ఒకే ఒక్క నాలుక పలుకుతోంది. ఎవరో పక్కన కూర్చుని నోరు మూసుకుని కూనిరాగం తీస్తున్నట్టుంది ఆ ధ్వని.

“ఇన్నాళ్ళూ నువ్వు చిట్లించుకుంది వాయిద్యాన్ని చూసి కాదు. ఈ ఒక్క మీటని చూసి,” అంది.

ఆ సాయంత్రమే టీచరు అడిగింది, మీరు ఎప్పుడైనా పోటీల్లో వాయించారా అని. వాయించిందట. ఫ్యాక్టరీల మధ్య పోటీలు జరిగేవి, రెండుసార్లు మొదటి బహుమతి వచ్చిందట. పెళ్ళికి ముందు ఒకసారి ఈ పెట్టె మోసుకుని సంగీత కళాశాలకి కూడా వెళ్ళిందట, చేర్చుకోమని అడగడానికి.

“ఏమన్నారు?”

“గుమాస్తా పెట్టె మూత కూడా తియ్యనివ్వలా. ఇది వాయిద్యాల్లోకి రాదమ్మాయ్, సరదాల్లోకి వస్తుంది, ఏదైనా గట్టి వాయిద్యం నేర్చుకుని రా అన్నాడు.”

“ఏడ్చారా?”

“ఎందుకేడుస్తాను? ఆకలేసింది. ఇంటికెళ్ళి కడుపునిండా తిని పడుకున్నాను. మర్నాడు అడుగులు అతికించడానికెళ్ళాను.” పట్టీలు భుజాలనుంచి దించుతూ అంది, “ఆ ‘సరదా’ అన్న ముక్క మాత్రం చెప్పులో రాయిలా అలాగే ఉంది.”

“మరి ఈ ఇంట్లో ఎందుకు వాయించలేదు ఎప్పుడూ?”

“మీ మామగారున్నప్పుడు వాయించేదాన్ని. ఆయన పోయారు, నువ్వొచ్చావు, నీతో వయొలిన్ వచ్చింది. ఒక ఒరలో రెండు కత్తులెందుకని మూసేశాను.”

టీచరు ఎప్పుడూ వాయించవద్దనలేదు. వాయించమనీ అనలేదు.

పోటీలు దగ్గరపడ్డాయి. ఒక ఉదయం కాఫీ తాగుతూ అత్తగారు తాపీగా చెప్పింది. “నేను కూడా పేరిచ్చొచ్చాను.”

“ఎక్కడ?”

“పోటీకి. ఇంకెక్కడ, రేషన్‌కా?”

కొడుకు చేతిలోంచి మర కింద పడి బల్ల కిందికి దొర్లింది. “అమ్మా, అది కుర్రాళ్ళ పోటీ!”

“పియానోకి వయసు రాశారు, వయొలిన్‌కి రాశారు. దీనికి రాయలేదు. చదివి వినిపించమని ఆ కౌంటర్లో పిల్లనే అడిగా. తనూ వెతికింది, లేదు.”

నిజమే. కొత్త విభాగం కదా, హడావిడిలో వయోపరిమితి రాయడం మరిచిపోయారు. టీచరు తల పట్టుకుంది. “అత్తయ్యా, నేను న్యాయనిర్ణేతని. మీకెలా మార్కులేస్తాను?”

“వెయ్యకు. బయటికెళ్ళి కూర్చో. నేనేం నీ మార్కుల కోసం వెళ్ళట్లేదు.”

“మరెందుకు?”

అత్తగారు కప్పు కింద పెట్టింది. “నువ్వే కదమ్మాయ్ రోజూ ప్రశ్నలు అడిగి అడిగి చంపావు. ఇప్పుడు నాకూ ఒక ప్రశ్న పుట్టింది. ఆ గుమాస్తా మూత తియ్యనిచ్చుంటే ఏమయ్యేదో చూద్దామని.”

టీచరు మర్నాడే అధ్యక్షుడికి సంగతి చెప్పింది. ఆయన కళ్ళజోడు ముక్కు కొసకి దించి, “మీ ఇంట్లోనే పెట్టుకుని ఏమీ తెలీదన్నారే!” అని నవ్వాడు. నిబంధన ప్రకారం, బంధువు వాయిస్తున్నంతసేపూ టీచరు గదిలో ఉండకూడదు. మిగిలిన ఇద్దరే మార్కులు వేస్తారు. అంతే.

పోటీ రోజు పొద్దున కళాశాల వరండా అంతా పెట్టెలే. కొందరు వీపున మోసుకొచ్చారు, కొందరు చక్రాల బండ్లమీద లాక్కొచ్చారు. గదిలో మూడు కుర్చీలు, ఒక పొడుగాటి బల్ల, గోడవార పోటీదారులు కూర్చోవడానికి బెంచీలు. అధ్యక్షుడు పేపరు తెచ్చుకున్నాడు, గళ్ళ నుడికట్టు పేజీ మడిచి మరీ. అగ్నిమాపక దళం బ్యాండ్ నడిపే మాస్టారు మీసాలు దువ్వుకుని కూర్చున్నాడు.

మొదట వచ్చినవాడు పెళ్ళిళ్ళలో వాయించేవాడు. మెరుపులా వాయించాడు. తిత్తిని జల్లెడ పట్టినట్టు గడగడలాడిస్తుంటే బెంచీల మీద వాళ్ళు తాళం వేశారు. “వాయించడమంటే ఇదీ!” అన్నాడు బ్యాండ్ మాస్టారు. అధ్యక్షుడు గళ్ళు నింపుతున్నాడు.

“బాగుందండీ,” అంది టీచరు. “ఒక్క కోరిక. ఏదైనా ఒక్క స్వరం పట్టుకుని, సన్నగా మొదలుపెట్టి, పెంచి, మళ్ళీ సన్నగా దించుతారా? తిత్తి ఒకసారైనా తిరగాలి.”

అతను తేలిగ్గా నవ్వి మొదలుపెట్టాడు. తిరిగేచోట స్వరం తడబడింది. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ తడబడింది. నుదుటిమీద చెమట తుడుచుకున్నాడు. “పెళ్ళిళ్ళలో ఇంత నెమ్మదిగా ఎవరూ అడగరండీ,” అన్నాడు.

అధ్యక్షుడు తల ఎత్తాడు. “అంత కష్టమా అది?”

“మీ పియానోలో అసలు కుదరదు కదండీ,” అంది టీచరు. “మెట్టు నొక్కాక ఆ స్వరం మీ మాట వినదు. తగ్గడమే తప్ప పెరగదు. వీళ్ళది చివరిదాకా చేతిలోనే ఉంటుంది.”

ఆయన బల్లమీద వేలితో ఒకసారి తట్టి చూసుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతివాళ్ళనీ ఆ ఒక్క స్వరం ఆయనే అడగడం మొదలుపెట్టాడు. పేపరు ఎప్పుడో కుర్చీ కిందికి చేరింది.

పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలిగా పనిచేసే అమ్మాయి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఆమె వాయిద్యానికి పియానో మెట్లు లేవు. రెండువైపులా బొత్తాలే. కుర్చీలో సర్దుకుని, కళ్ళు మూసుకుని, చర్చిల్లోని పెద్ద ఆర్గన్ల కోసం ఎప్పుడో రాసిన ఒక ఫ్యూగ్, ఒకే పాట తన్ను తాను తరుముకునే రచన, మొదలుపెట్టింది. కుడిచెయ్యి ఒక పాట అందుకుంది. దాని తోకపట్టుకుని రెండో పాట వచ్చింది. మూడోది ఎడమచేతిలోంచి వచ్చింది. ధుం ధుం అనే స్వరాల కట్టలు కాదు, ఒక్కొక్క స్వరంగా, కుడిచేతికి ఏమాత్రం తీసిపోకుండా.

టీచరు వెనక్కి తిరిగి బెంచీ వైపు చూసింది. అత్తగారు ముందుకు వంగి, నోరు కొంచెం తెరుచుకుని, ఆ అమ్మాయి ఎడమచేతినే చూస్తోంది. అత్తగారి పెట్టెలో ఎడమవైపు చాలావరకు ఒక్క బొత్తాం నొక్కితే మూడేసి స్వరాలు కట్టగా పలుకుతాయి. విడిగా పాట పలకదు. ఇన్నేళ్ళూ అకార్డియన్ అంటే అంతే అనుకుంది. తను మూత వేసి రేడియో పెట్టుకున్నాక ఎక్కడో ఎవరో కూర్చుని ఆ కట్టలు విప్పారన్నమాట. ఆమె మొహంలో ఉన్నది సంతోషమో దిగులో కోడలికి అర్థం కాలేదు. బహుశా రెండూ కలిపి, రవ్వంత తేడాగా శ్రుతి చేసి ఉంటాయి.

అమ్మాయి ముగించి తిత్తి మూసింది. “ఇది మా కళాశాలలో వినాల్సింది,” అన్నాడు అధ్యక్షుడు నెమ్మదిగా. అప్పుడు తను ఉన్నది ఆ కళాశాలలోనే అని గుర్తొచ్చి గొంతు సవరించుకున్నాడు.

తర్వాత అత్తగారి పేరు పిలిచారు. టీచరు లేచి బయటికి వెళ్ళింది. తలుపు మూశారు.

వరండాలో గోడకానుకుని నిలబడింది. తలుపు మందమైనది. అయినా వినపడింది. ఫ్యాక్టరీ రోజుల్లో వాళ్ళ బృందం వాయించే పాట, మూడేసి దెబ్బల తాళం, నెమ్మదిగా. మొదటి భాగం బాగా సాగింది. రెండో భాగం మొదలైంది. ఉన్నట్టుండి ఆగిపోయింది.

టీచరు తలుపు పిడి మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేసింది. బరువుకి భుజం పట్టేసిందా? పాట మరిచిపోయిందా? లోపలినుంచి మాటా లేదు, అడుగుల చప్పుడూ లేదు.

అప్పుడు ‘టిక్’ మని మీట చప్పుడైంది. పాట ఆగినచోటునుంచే మళ్ళీ మొదలైంది. ఈసారి ఒంటి నాలుకతో, ఇంకా నెమ్మదిగా, ఎడమచెయ్యి దాదాపు లేనట్టే. ఇంట్లో వినిపించినప్పటికంటే సన్నగా ఉంది. కనిపించే చేతులు లేవు, మొహం లేదు, వయసు లేదు, అత్తాకోడళ్ళన్న వరస లేదు. వచ్చేది ధ్వని ఒక్కటే. ఇది ఎవరో తెలియనివాళ్ళు వాయిస్తుంటే ఎన్ని మార్కులు వేసేదాన్ని అని ఆలోచించింది టీచరు. ఆగినందుకు కొన్ని తీసెయ్యాలి. వేగం కుదరలేదు, ఇంకొన్ని. మిగతావాటికి ఆమె దగ్గర అంకెలేం లేవు.

చివర్లో ఒక్క స్వరం వచ్చింది. పెరిగింది. తగ్గింది. ఎక్కడ తిరిగిందో టీచరు చెవి పెట్టి వెతికింది. దొరకలేదు.

పాటైపోయింది కానీ తలుపు తెరవలేదు. లోపల ఏవో మాటలు. కుర్చీ జరిగిన చప్పుడు. బ్యాండ్ మాస్టారు నవ్వు. టీచరు ఉండబట్టలేక తలుపు కొద్దిగా తోసింది.

గది మధ్యలో అధ్యక్షుడు కూర్చుని ఉన్నాడు. అత్తగారి పెట్టె ఆయన మెడలో ఉంది. గడ్డం మెట్లకి తగలకుండా తల వెనక్కి వాల్చి, ఎడమచేత్తో కనిపించని బొత్తాలు తడుముతున్నాడు.

“గుంట తగిలిందా?” అంటోంది అత్తగారు.

“తగల్లేదండీ... ఆగండాగండి, ఇదేనా?”

“అదే ఇల్లు. ఇప్పుడు లాగండి. భుజాలు దించండి, ఎవరూ కొట్టరు.”

పెట్టె గుర్రుమంది, తిరిగేచోట ఎక్కిళ్ళు పెట్టింది. ఆయన తలుపు దగ్గర టీచరును చూసి సిగ్గుపడి, అంతలోనే సిగ్గు మరిచిపోయి, “మీరు చెప్పింది నిజమేనండీ, ఇక్కడే ఉంది చిక్కంతా,” అన్నాడు.

ఫలితాల్లో విచిత్రమేం జరగలేదు. పళ్ళ డాక్టరు దగ్గరి అమ్మాయికి మొదటి బహుమతి. పెళ్ళిళ్ళవాడికి రెండోది. మూడోది హైస్కూలు చదువుతున్న ఒక అమ్మాయికి. అత్తగారికి ఏమీ రాలేదు.

“మధ్యలో ఎందుకాగారు అత్తయ్యా?” అని అడిగింది టీచరు మెట్లు దిగుతూ. పెట్టెకి చెరోవైపు పట్టుకున్నారు ఇద్దరూ.

“ఆ పిల్ల వాయించాక నా ధుం ధుం నాకే నచ్చలేదమ్మాయ్. ఎలాగైనా అది తగ్గిద్దామని ఆగాను. ఆగినవాళ్ళకి ఎవరిస్తారు బహుమతి? నేనైనా ఇవ్వను.” రెండు మెట్లు దిగాక అంది, “నాకు జవాబు దొరికింది. ఆ గుమాస్తా మూత తియ్యనిచ్చుంటే నాకింకా చాలా పని పడేది.”

కింద గేటు దగ్గర పళ్ళ డాక్టరు దగ్గరి అమ్మాయి బస్సు కోసం నిలబడి ఉంది. అత్తగారు పెట్టె అక్కడే దించేసి నేరుగా ఆమె దగ్గరికి వెళ్ళింది. “ఏమ్మా, నీ ఎడమచెయ్యి ఒకసారి చూడనిస్తావా?” ఆ అమ్మాయి పంటినొప్పితో వచ్చినవాళ్ళని చూసినంత ఓపిగ్గా నవ్వి చెయ్యి చాపింది. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటూ ఉండగానే రెండు బస్సులు వెళ్ళిపోయాయి.

ఆ తర్వాతి సంగతులు నింపాదిగా జరిగాయి. న్యాయనిర్ణేతలు ముగ్గురూ ఈ విభాగం ఉండాలని రాశారు. బ్యాండ్ మాస్టారు ఒక వాక్యం రాస్తే అధ్యక్షుడు రెండు పేజీలు రాశాడు. మరుసటి ఏడాది నిబంధనల్లో అకార్డియన్ శాశ్వతంగా చేరింది. దాని కిందే కొత్తగా ఇంకో నిబంధన కూడా చేరింది: ముప్పై ఏళ్ళు దాటినవాళ్ళు అనర్హులు.

అది చదివి వినిపిస్తే అత్తగారు కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. “చూశావురా,” అంది కొడుకుతో. “నాకు బహుమతి రాలేదు కానీ, నా కోసం ఒక రూలే పుట్టింది. మొదటి బహుమతి వచ్చినవాళ్ళకి కూడా లేదు ఆ గొప్ప.”

కళాశాలలో అకార్డియన్‌కి చోటివ్వడానికి మాత్రం ఇంకా కొన్నేళ్ళ వాదన పట్టింది. మొదటగా చేరింది పళ్ళ డాక్టరు దగ్గరి అమ్మాయే. సాయంత్రం పూట డ్యూటీ మార్పించుకుంది. అధ్యక్షుడు ఆ తరగతి బయట నిలబడి వినడం చాలామంది చూశారు. ఆయన అటుగా ఏదో పనిమీద వచ్చాననేవాడు.

అత్తగారు పాత పెట్టె అమ్మలేదు. పోటీలైన నెలకే సంఘంవాళ్ళ దగ్గర రెండువైపులా బొత్తాలున్న వాయిద్యం ఒకటి అరువు తెచ్చుకుంది. ఆదివారాలు ఆ అమ్మాయి ఇంటికెళ్ళి పాఠం చెప్పించుకునేది. మిగతా రోజులు తన గదిలో కూర్చుని, ఒక్క ఎడమచేత్తో, మెట్టు మెట్టుగా స్వరాలు ఎక్కి దిగేది. ఎక్కేటప్పుడు తప్పు, దిగేటప్పుడు తప్పు. “ఆడలేక మద్దెల ఓడు అనడానికి కూడా లేదు, మద్దెల కొత్తదే,” అని తనలో తనే గొణుక్కునేది.

టీచరు దగ్గర కొత్తగా వయొలిన్‌కి చేరిన పోస్టాఫీసు ఉద్యోగి ఒకాయన, కమాను పట్టుకోవడం రాక తంటాలు పడుతూ, లోపలిగదిలోంచి వస్తున్న ఆ తడబాటు విన్నాడు. తనకి తోడు దొరికినట్టు ఆయన మొహం వికసించింది.

“లోపల ఎవరండీ నేర్చుకుంటున్నారు?”

“మా అత్తగారు.”

“ఎన్నో ఏడాది?”

“మొదటి ఏడాదేనండీ,” అంది టీచరు. “ఏదీ, మీరు కమాను మళ్ళీ మొదటినుంచి లాగండి.”